టంకపు వంతెన

సర్క్యూట్ బోర్డు కరిగిన టంకపు కెరటము మీదుగా సాగిపోవునప్పుడు, ప్రక్కప్రక్కనున్న రెండు పిన్నుల నడుమ టంకము జారిపోక నిలిచి గడ్డకట్టినచో, వెండ్రుకవలె సన్ననిదైనను ఆ వంతెనయే షార్ట్ సర్క్యూట్‌కు హేతువగుచున్నది.

బోర్డు కెరటమును వీడు క్షణమే ముఖ్యము. అంతవరకు బోర్డుకు పూసిన ఫ్లక్సు, అనగా ఆక్సైడును తొలగించు పదార్థము, తన శక్తిని నిలుపుకొనవలెను. ఫ్లక్సు చాలకున్నను, ముందుగనే మాడిపోయినను, టంకముపై ఆక్సైడు పొర యేర్పడి, ఆ టంకము తెగక సాగుచు పిన్నులకు అంటుకొనును. బోర్డును మోయు కన్వేయరును సుమారు 7 డిగ్రీలు ఎగువకు వాల్చుటయు మిగులు టంకము వెనుకకు జారుటకే.

డిజైను చేయువారికొక మనవి. దగ్గరదగ్గరగా నున్న పిన్నుల వరుసను బోర్డు సాగు దిశకు సమాంతరముగా నిలుపుడు. అప్పుడు మిగులు టంకము పిన్ను నుండి పిన్నుకు జారి, కడపటి పిన్ను చెంత పోగగును. దాని వెనుక ఖాళీ రాగి ప్యాడ్ ఒకటి యుంచినచో, ఆ చుక్కను అదే లాగుకొనును. ఎంత చక్కని ఉపాయము!

వంతెన కనబడినంతనే టంకపు తొట్టి వేడిని పెంచుటకు తొందరపడకుడు. ఫ్లక్సు అన్నిచోట్ల సమముగా పడినదా, అడుగున పిన్నులు మితిమీరి పొడుచుకొని వచ్చినవా, ముందు చూడుడు. పొడవైనచో కత్తిరింపుడు.