ఇరుసు కింద లాంతరు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ప్రత్యేక సంచిక రోడ్డు భద్రత మీద తెస్తున్నాం, మీరు మోటారు క్లెయిముల సెక్షనులో చేశారు గదా, నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శి గారు అడిగారు. హెల్మెట్టు గురించీ, తాగి నడపడం గురించీ మీకు నేను చెప్పేదేముంది? ఆ కాగితాలన్నీ మన చేతుల మీదుగా వెళ్ళినవే. అందుచేత నా మొదటి బండి సంగతి చెప్పుకుంటాను. అది నా దగ్గర ఉన్నది ఐదు నెలలు. పోయి యాభై ఏళ్ళు దాటింది. ఇంతవరకు మా ఇంట్లో కూడా పూర్తిగా చెప్పని విషయం ఒకటి అందులో ఉంది.

1974లో నాకు పద్దెనిమిదేళ్ళు. గుంటూరులో బి.కాం. చదువుతున్నాను. మా ఊరు చేబ్రోలు దాటాక పొన్నూరు వైపు, రోడ్డు నుంచి కొంచెం లోపలికి. రోజూ బస్సు. బెజవాడలో మా మేనమామ బజాజ్ స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసి, ఆ ఆగస్టులో అలాట్‌మెంటు రాగానే తన పాత జావా మోటారు సైకిలు నాకిచ్చేశాడు. "రెండు బళ్ళు నాకెందుకురా" అన్నాడు గాని, మా అమ్మ అడిగిందని నాకు తెలుసు. రిజిస్ట్రేషనూ బీమా మామయ్య పేరు మీదే ఉండిపోయాయి. ఆ రోజుల్లో అవి మార్పించుకునేంత ఓపిక ఎవరికుంది?

మైసూరులో ఐడియల్ జావా కంపెనీ వారు 1961 నుంచి చేసిన బండి అది. 1973 నుంచి అదే కంపెనీ యెజ్డీ పేరుతో బళ్ళు తెచ్చింది. ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. నాది మెరూన్ రంగు, టాంకుకు రెండు పక్కలా వెండి మెరుపు. రెండు సైలెన్సర్లు. కిక్ కొట్టేదీ, గేర్లు మార్చేదీ ఒకటే కడ్డీ. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ అవుతుంది, స్టార్టయ్యాక కిందికి దించితే గేరవుతుంది. ఈ కిటుకు తెలియనివాడు ఎంత తన్నినా బండి కదలదు. మా ఊళ్ళో అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. పద్దెనిమిదేళ్ళవాడికి అంతకు మించిన పదవి ఏముంటుంది చెప్పండి!

పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. నేను లీటరుకు నలభై మిల్లీలీటర్ల లెక్కన హోమియో మందు సీసాతో కొలిచేవాణ్ణి. 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు ధర పెరిగి, నాన్నగారు వారానికిచ్చే డబ్బు రెండు రోజుల్లో ఆవిరయ్యేది. మిగతా రోజులు బండిని వసారాలో పెట్టి పాత పంచె గుడ్డతో తుడుస్తూ కూర్చునేవాణ్ణి. "దాని బదులు ఒక గేదెను తోముంటే చెంబెడు పాలన్నా ఇచ్చేది" అనేది నాయనమ్మ.

దానికి ఒక్కటే లోపం. ఆరు వోల్టుల కరెంటు. ఇంజను నెమ్మదిగా తిరిగితే హెడ్‌లైటు అగ్గిపుల్లలా ఉండేది. రేజు చేస్తేనే వెలుతురు. అంటే రోడ్డు కనబడాలంటే వేగం పెంచాలి. మా మామయ్య నలభై దాటని మనిషి గనక ఆయనకది లోపంగా కనబడలేదు. రాత్రిళ్ళు ఆయన బండే తీసేవాడు కాదు.

1975 జనవరి, సంక్రాంతికి నాలుగు రోజుల ముందు గుంటూరులో మొదటి ఆట చూసి బయల్దేరాను. నారాకోడూరు దాటి చేబ్రోలు ఇంకా రాలేదు. కుప్పనూర్పుళ్ళ రోజులు, రోడ్డు నిండా వరిగడ్డి బళ్ళు. ఎదురుగా లారీ వస్తోంది. నా ముందు ఒక గడ్డిబండి పోతోంది. లారీ వచ్చేలోపు బండిని దాటేద్దామని కుడికి తిప్పాను. దాటలేనని తెలిసి మళ్ళీ ఎడమకు కోశాను. జావా ముందు చక్రం వెళ్ళి బండి చక్రానికి తగిలింది.

గడ్డి మీద కూర్చున్న రైతు కింద పడ్డాడు. ఎడ్లు బెదిరి బండిని రోడ్డు పక్క గుంటలోకి ఈడ్చాయి. కాడికింద ఒక ఎద్దు ముందుకాలు విరిగింది. రైతుకు తొడ ఎముక విరిగింది. నాకు మణికట్టు బెణికి, గడ్డం కింద నాలుగు కుట్లు పడ్డాయి.

జనం చేరారు. అతన్ని ఇంకో బండిలో వేసి ఆసుపత్రికి తరలిస్తున్నారు. నేను ఆ పక్కకే చూడలేదు. నా జావా ఫోర్కు వంగిపోయి, టాంకు నొక్కుకుపోయి, పెట్రోలు కారుతూ పడి ఉంది. దాని దగ్గర కూర్చుని ఏడ్చాను. ఎవరో పెద్దాయన "దెబ్బ బాగా తగిలినట్టుంది పాపం" అని నా వీపు నిమిరాడు.

మూడో రోజున రెండూళ్ళ పెద్దలూ కూర్చున్నారు. పోలీసు కేసు వద్దు, కుర్రాడి చదువు పాడవుతుందని ముందే అనుకున్నారు. రైతు ఆసుపత్రిలోనే ఉన్నాడు, అతని అన్న వచ్చాడు. ఒక పెద్దాయన నన్ను అడిగాడు: "ఏరా అబ్బాయ్, బండికి లాంతరు ఉందా?"

ఎడ్లబండికి ఇరుసు కింద లాంతరు కట్టడం మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఉంది. ఊగుతూ ఉంది. దాన్ని చూసే నేను కుడికి తిప్పాను. పడ్డాక గాజు పగిలి, కిరసనాయిలు వాసన కూడా వచ్చింది.

"లేదండీ" అన్నాను.

అన్నగారు అక్కడ లేడు, ఏమనగలడు? "చీకట్లో దీపం లేకుండా తోలాడు గనక చెరిసగం తప్పు" అని తీర్మానించి, నాన్నగారు నాలుగు వందలు ఇచ్చేట్టు ఒప్పించారు. ధాన్యం డబ్బులో తీసి ఇచ్చారు. జావాను గుంటూరులో ఒక మెకానిక్కు మూడు వందల యాభైకి తీసుకున్నాడు, తుక్కు కింద. రిక్షాలో వేసి తీసుకుపోతుంటే నేను సందు చివరిదాకా వెంట నడిచాను. ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. నాలుగు వందలు ఇచ్చిన రోజు మాత్రం తిన్నాను.

1979లో మన ఉద్యోగంలో చేరాను. 107 కంపెనీలను కలిపి నాలుగు చేసిన జాతీయకరణ జరిగి అప్పటికి ఆరేళ్ళు. నన్ను మోటారు థర్డు పార్టీ సెక్షనులో వేశారు. చేరిన నెలలోపే నాకు విషయం అర్థమైంది. మామయ్య బండికి యాక్ట్ పాలసీ ఉంది, నాకు లైసెన్సు ఉంది. ఆ రైతు ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకుని ఉంటే, తప్పు నాదని తేలి ఉంటే, అతని కాలికి పరిహారం కంపెనీ ఇచ్చేది. మా నాన్నగారి జేబులోంచి పైసా పోయేది కాదు. 1939 చట్టం ప్రకారం గడువు ఆరు నెలలు. అప్పటికి నాలుగేళ్ళు దాటింది. తప్పెవరిదన్న విచారణ లేకుండా శాశ్వత అవిటితనానికి 7,500, మరణానికి 15,000 ఇవ్వాలన్న సవరణ 1982లో గాని రాలేదు. కాబట్టి ఆనాడు అంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నిలబడేది. లాంతరు ఉందా, లేదా?

డ్రైవర్ల స్టేట్‌మెంట్లు ఎన్ని చదివానో లెక్కలేదు. "ఎదుటి బండికి లైటు లేదు." "వెనక రెడ్ లైటు వెలగడం లేదు." "మనిషి హఠాత్తుగా అడ్డం వచ్చాడు." మా సెక్షను సూపరింటెండెంటు గారు నవ్వేవారు, "మన దేశంలో లైట్లున్న బండిని ఎవరూ గుద్దరయ్యా" అని. అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వేవాణ్ణి.

1981లో ఒక ఆదివారం ఆ రైతు ఊరికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇంట్లో చెప్పలేదు. అరుగు మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. లేచినప్పుడు చూశాను, ఒక కాలు పొట్టి అయింది. నేనెవరో చెప్పాను. మంచినీళ్ళు తెప్పించాడు. అవి తాగి, లాంతరు సంగతి చెప్పాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు.

"ఆ లాంతరు చిమ్నీ సాయంత్రం నేనే బూడిదతో తోమి వెలిగించాను బాబూ. ఉందో లేదో నాకు తెలీదా?" అన్నాడు.

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు బాబాయ్?"

"అడిగేందుకు నేనెక్కడున్నాను? మంచం మీదున్నా. ఇంటికొచ్చేసరికి మా అన్న డబ్బు తీసుకుని సంతకం పెట్టేశాడు. పెద్దమనుషులు తేల్చింది మళ్ళీ తిరగేస్తారా?"

ఆరు నెలల గడువు సంగతీ, కంపెనీ ఇచ్చి ఉండేదన్న సంగతీ కూడా చెప్పాను. చెప్పడం మంచిదా కాదా అన్నది నాకు ఈ నాటికీ తేలలేదు. కాసేపు పగ్గం పక్కన పెట్టాడు. ఎంత వచ్చేదని మాత్రం అడగలేదు. నేను జీతంలోంచి తీసి పెట్టుకున్న కవరు తీశాను. చేత్తో వారించి, లోపల పెట్టుకోమన్నాడు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, జావా పేరుతో 2018లో మళ్ళీ బళ్ళు వచ్చాయి. మా మనవడు ఫోనులో బొమ్మ చూపించి "తాతయ్యా, ఇదేనా నీ బండి?" అన్నాడు. అదే మెరూన్ రంగు. స్విచ్చు నొక్కితే స్టార్టవుతుందట. వాడికి పదహారేళ్ళు. 2019 సవరణ ప్రకారం మైనరు బండి తీసి నేరం చేస్తే ఇంటి పెద్దకు 25,000 జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు అని వాడికి సెక్షనుతో సహా అప్పగించాను. వాడు విన్నాడు. విని, "నీ బండి ఏమైంది తాతయ్యా?" అని అడిగాడు. యాక్సిడెంటులో పోయిందన్నాను. "అయ్యో, తప్పెవరిది?" అన్నాడు. ఆ రాత్రే ఇది రాయడం మొదలుపెట్టాను. రేపు అచ్చయ్యాక మొదటి ప్రతి వాడికే ఇస్తాను.

ఆ ఆదివారం నేను లేచి వస్తుంటే రైతు గుమ్మం దాకా వచ్చి అడిగిన మాట ఒకటి మిగిలింది.

"నీ బండి ఎంతకు పోయింది అబ్బాయ్?"

"మూడు వందల యాభై, బాబాయ్."

"నయమే. నా ఎద్దుకు రెండొందలే ఇచ్చారు" అన్నాడు.