కౌన్సిలు ఇండ్లు – అద్దె షరతులు

ఇంటి యజమాని ఒక వ్యక్తియైనచో అతనితో మాటలాడి షరతులు తేల్చుకొనవచ్చును. స్థానిక కౌన్సిలే యజమానియైనచో అద్దెకున్నవాని మాట వినువా రెవరు? ఇంగ్లండులో దీనికి చట్టము చెప్పిన సమాధానము తెలిసికొనదగినది.

అచ్చట 1919 నాటి గృహనిర్మాణ చట్టముతో కౌన్సిళ్లు శ్రామికుల కొఱకు విరివిగా ఇండ్లు కట్టింపసాగినవి. అయినను ఆ యిండ్లలో స్థిరముగా నివసించు హక్కు 1980 నాటి చట్టముతోగాని లభింపలేదు. 1985 నాటి గృహ చట్టము ఆ నిబంధనలను ఒక్కచోట చేర్చినది.

వారమువారమో నెలనెలయో అద్దె చెల్లించుచు ఈ హక్కుతో నున్నవారి షరతులను మార్చదలచిన కౌన్సిలు, ముందుగా తాఖీదు పంపవలెను. మార్పేమో, దాని ఫలిత మేమో అందు తెలుపవలెను. అభిప్రాయములకు గడు విచ్చి, వచ్చినవానిని పరిశీలింపవలెను. పిమ్మట రెండవ తాఖీదు పంపి, కనీసము నాలుగు వారములు ఆగవలెను. అద్దె మార్పునకు మాత్రము మొదటి తాఖీదు అక్కఱలేదు.

పరిశీలించినంత మాత్రమున అంగీకరించినట్లు కాదు. తుది నిర్ణయము కౌన్సిలుదే. పెంపుడు జంతువులు, పెరటి తోట, ఉమ్మడి మెట్లు – ఇట్టివి చిన్న విషయములుగనే తోచును. కాని షరతు మీరినచో, ఇల్లు ఖాళీ చేయింపుడని కౌన్సిలు న్యాయస్థానమును కోరవచ్చును. కావున మొదటి తాఖీదు వచ్చిననాడే శ్రద్ధగా చదువవలెను. గడువులోపల వ్రాసిన నాలుగు పంక్తులు, గడువు దాటిన పిదప చేయు నలుబది ఫిర్యాదులకంటె మేలు.