వోర్ట్ లారీ, లీజు పత్రం

గ్రానైట్ సిటీ ఫుడ్ అండ్ బ్రూవరీ తొలి రెస్టారెంటు 1999లో అమెరికాలోని సెయింట్ క్లౌడ్‌లో తెరుచుకుంది. మిన్నెసోటా రాష్ట్రంలోని ఆ ఊరు గ్రానైట్ గనులకు ప్రసిద్ధి. కంపెనీ పేరూ అక్కడిదే. వ్యవస్థాపకుల్లో స్టీవ్ వాగెన్‌హైమ్ రెస్టారెంట్ల నిర్వహణలో ఆరితేరినవారు. బిల్ బర్డిక్ అంతకుముందే మినెటోంకాలో షెర్లాక్స్ హోమ్ అనే బ్రూపబ్ నడిపి, బీరు కాచడంలో చెయ్యి తిరిగినవారు.

బ్రూపబ్ అంటే తన బీరు తానే కాచుకునే రెస్టారెంటు. మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టి, వడకట్టి, హాప్స్ వేసి మరిగిస్తే వోర్ట్ అనే తియ్యటి ద్రవం వస్తుంది. ఈస్ట్ కలిపి పులియబెడితేనే అది బీరవుతుంది. గ్రానైట్ సిటీ ఈ పనిని రెండుగా విడగొట్టింది. అయోవా రాష్ట్రం ఎల్స్‌వర్త్‌లో వోర్ట్ కాచి, చల్లార్చి, లారీల్లో ఊరూరికీ పంపేది. ఈస్ట్ కలపడం, పులియబెట్టడం రెస్టారెంటులోనే. దోశపిండి ఒకచోట రుబ్బించి, పులియడం ఎవరింట్లో వారికి వదిలేసినట్టు. ప్రతిచోటా కాచే సరంజామా అక్కర్లేదు, రుచీ ఒక్కటే. ఈ పద్ధతికి పేటెంటు కూడా వచ్చింది.

ఈ కథను ఇంతవరకు అందరూ కళ్లింతలు చేసుకుని చదువుతారు. లీజు పత్రం మాట రాగానే పేజీ తిప్పేస్తారు. తిప్పకూడదు, అసలు చదవాల్సింది అదే! వోర్ట్ లారీ ఆదా చేసింది బీరు ఖర్చును మాత్రమే. వందలమంది కూర్చునే హాలు అద్దె, వంటింటి జీతాలు అలాగే ఉండిపోయాయి. కంపెనీ వరసగా కొత్త శాఖలు తెరిచి అప్పులు, లీజులు నెత్తిన పెట్టుకుంది. 2008 మాంద్యంలో బల్లలు ఖాళీ అయ్యాయి. అద్దె మాత్రం నెల తిరిగేసరికి గుమ్మంలో నిలబడింది. 2009లో అప్పులవాళ్లకు బాకీ బదులు వాటాలు ఇవ్వాల్సివచ్చింది. 2011లో కొత్త పెట్టుబడిదారులు వచ్చారు, కంపెనీ ఊపిరి పీల్చుకుంది.

ఈలోగా బయటి లోకం మారిపోయింది. 1999లో అమెరికాలో బ్రూవరీలు సుమారు 1,500. 2019 నాటికి 8,000 దాటాయి. సొంత బీరు వీధివీధినా దొరకసాగింది.

2019 డిసెంబరులో కంపెనీ దివాలా రక్షణ కోరింది. 2020లో బీబీక్యూ హోల్డింగ్స్ మిగిలిన రెస్టారెంట్లను కొనుక్కుంది. 2022లో ఆ సంస్థ కూడా కెనడాకు చెందిన ఎంటీవై ఫుడ్ గ్రూప్ చేతికి వెళ్లింది.