బల్లమీది స్పీకర్లకు ఏ తీగ కొనవలెను?

మొన్నటి వేసవిలో మా మేనల్లుడొకడు నాకు టెలిఫోను చేసెను. వాడు హైదరాబాదులో చదువుకొనుచున్నాడు. సంగీతమనిన వానికి ప్రాణము. సాయంకాలములందు పిల్లలకు లెక్కలు చెప్పి రెండేండ్లలో పదివేల రూపాయలు కూడబెట్టుకొనెను. ఆ ధనముతో తన చదువుబల్ల మీద అమర్చుకొనుటకై ఒక చిన్న ఆంప్లిఫయరును, ఒక జత స్పీకర్లను కొనవలెనని వాని కోరిక. అంగడివాడు అన్నిటికిని లెక్కగట్టి, తుదకు తీగల క్రింద మూడువేలు వ్రాసెనట. "మామయ్యా! తీగ మంచిది కాకపోతే స్పీకర్లు ఎంత మంచివైనా వృథా అంటున్నాడు. తీగకు మూడువేలు పోస్తే స్పీకర్లు ఇంకొంచెం తక్కువ రకం తీసుకోవాలి. ఏం చెయ్యమంటారు?" అని వాడడిగెను.

పదివేలలో మూడువేలనగా సామాన్యమైన మాట కాదు. అంత ధనము తీగకు పోయినచో వాడు కొనబోవు స్పీకరు ఒక మెట్టు దిగిపోవును. ఆ తక్కువతనము ఒకనాటితో పోవునది కాదు. పాట పెట్టినప్పుడెల్ల చెవికి తగులుచునే యుండును. నేను వానికి చెప్పిన సమాధానమునే నేడు మీకును విన్నవించుచున్నాను. బల్లమీద రెండు మీటర్ల దూరమునకు నిజమైన రాగితో చేసిన మామూలు జంటతీగ చాలును. అది యెందుకు చాలునో, ఎచ్చట జాగ్రత్త పడవలెనో చెప్పెదను.

ఆంప్లిఫయరునకును స్పీకరునకును నడుమనుండు తీగ చేయవలసిన పని యొక్కటే: విద్యుత్ప్రవాహమును త్రోవలో వృథా చేయక చేరవేయుట. త్రోవలో కలుగు నష్టమునకు ముఖ్యకారణము తీగయొక్క నిరోధము. జర్మనీ దేశమున బడిపంతులుగా నుండిన గియోర్గ్ ఓమ్ అను నతడు 1827లో ప్రకటించిన నియమమే నేటికిని దీనికి కొలబద్ద; నిరోధమును కొలుచు ప్రమాణమునకు కూడ ఆయన పేరే పెట్టిరి. తీగ పొడవైన కొలది నిరోధము హెచ్చును, లావైన కొలది తగ్గును. రాగి విషయమున జ్ఞాపకముంచుకొనదగిన సంఖ్య యొకటి కలదు. 1913లో అంతర్జాతీయముగా నిర్ణయించిన ప్రమాణము ప్రకారము, 1 చదరపు మిల్లీమీటరు కొలత గల రాగితీగ 58 మీటర్ల పొడవున్నప్పుడు దాని నిరోధము సరిగా 1 ఓము. ఈ యొక్క సంఖ్య తెలిసిన వానిని ఏ అంగడివాడును మోసగింపజాలడు.

ఇప్పుడు మా వాని బల్లను చూతము. ఆంప్లిఫయరునుండి స్పీకరునకు 2 మీటర్లు. ప్రవాహము పోవుటకొక తీగ, తిరిగి వచ్చుటకొక తీగ. మొత్తము 4 మీటర్లు. 1 చదరపు మిల్లీమీటరు తీగయైనచో నిరోధము 4ను 58చే భాగింపగా వచ్చునది, అనగా 0.07 ఓము. స్పీకరు 8 ఓములది. తీగవలని నష్టము నూటికి ఒక పాలుకూడ లేదు. దానిని ధ్వనిశాస్త్రజ్ఞుల భాషలో చెప్పినచో డెసిబెల్లులో పదవ వంతుకంటెను తక్కువ. ధ్వని హెచ్చుతగ్గులను మన చెవి మామూలుగా గుర్తింపవలెనన్న సుమారొక డెసిబెల్లు భేదముండవలెను. ఈ మాత్రపు నష్టమును పూరించుటకు ఆంప్లిఫయరు మీది బిరడాను వెంట్రుకవాసి త్రిప్పిన చాలును.

ఇంకొక సంగతి చాలమంది గమనింపరు. ఈ ప్రవాహము తీగను దాటిన పిదప ఎచ్చటికి పోవును? స్పీకరు లోపల కాగితపు గిన్నె వెనుక, అయస్కాంతపు సందులో, సన్నని తీగచుట్ట యొకటి యుండును. 8 ఓముల స్పీకరులో సాధారణముగా ఆ చుట్టయొక్క నిరోధమే సుమారు 6 ఓములు. అదియు సాధారణముగా రాగితీగయే. మన బల్లమీది తీగకంటె ఎన్నో రెట్లు సన్ననిది. ఎంత వెలగల తీగ తెచ్చినను ప్రవాహము ఆ సన్నని చుట్ట గుండ పోక తప్పదు. ఇంటిలోనికి మూరెడు సందు మాత్రమే యుండగా వాకిట రెండు గజముల మేర రాజమార్గము వేయించుకొనుట వంటిదీ వ్యయము.

అట్లని ఎంత సన్ననిదైనను చాలునని నా యభిప్రాయము కాదు. అమెరికాలో మాకింతోష్ సంస్థయందు ధ్వనిపరిశోధన శాఖకు అధిపతిగా పనిచేసిన రోజర్ రసెల్ ఒక సులువైన హద్దు చెప్పెను: తీగ నిరోధము స్పీకరు ఓములలో నూటికి ఐదు పాళ్లకు మించరాదు. స్పీకరుయొక్క ఓములు అన్ని స్వరములకును ఒక్క తీరుగ నుండవు. ఒకచో పెరుగుచు ఒకచో తగ్గుచుండును. తీగ నిరోధము పెద్దదైనచో కొన్ని స్వరములు ఎక్కువగను కొన్ని తక్కువగను నష్టపడి పాట రంగు మారును. అందులకే ఈ హద్దు. మన లెక్కతో చూచినచో 0.75 చదరపు మిల్లీమీటర్ల తీగ 8 ఓముల స్పీకరునకు ఎనిమిదిన్నర మీటర్ల దూరము వరకును, 4 ఓముల దానికి నాలుగు మీటర్ల వరకును ఈ హద్దులోనే యుండును. బల్ల యెంత పెద్దదైనను నాలుగు మీటర్లుండునా? నేను మాత్రము 1 చదరపు మిల్లీమీటరు తీగను కొనుమందును. వెలలో భేదము స్వల్పము, చేతికి గట్టిగా నుండును. స్పీకర్లను హాలు ఆ చివరను పెట్టి పది మీటర్లు లాగువారు 2.5 తీసికొనుట మంచిది.

బల్లమీద మరీ లావు తీగయు చిక్కే. నేటి చిన్న ఆంప్లిఫయర్లు అరచేతిలో ఇముడును. వ్రేలెడు లావు తీగను తగిలించినచో ఆ బరువునకు పెట్టె వెనుకకు జరిగి బల్ల క్రిందికి దిగబడును. రోకలికి చిలుకను కట్టినట్లుండును. పైగా ఆ లావు కొన చిన్న రంధ్రములో దూరదు. దూర్చుటకై కొందరు పోగులలో సగము కత్తిరించివేయుదురు! లావునకు ధనమిచ్చి, ఆ లావునే కోసి పారవేయుట.

ఇక తీగల పొట్లముల మీద కనబడు బిరుదములను విచారింతము. మొదటిది ప్రాణవాయురహితమైన రాగి. అది అసత్యము కాదు. అట్టి రాగి యున్నది. కాని మామూలు విద్యుత్తు తీగలకు వాడు రాగియే నూటికి 99.9 పాళ్లు శుద్ధమైనది. ప్రాణవాయురహితమైన దాని వాహకశక్తి దీనికంటె నూటికి ఒక పాలు మాత్రమే అధికము. వెండి రాగికంటె నూటికి ఆరేడు పాళ్లు మేలు. అదే మేలు కావలెనన్న రాగితీగను ఆమాత్రము లావుగా తీసికొనిన సరిపోవును. రెండు ప్రక్కలను తీగల పొడవు సమానముగా నుండనిచో స్వరములు వెనుకముందులగునని చెప్పుట కూడ కలదు. ఒక మీటరు తీగను దాటుటకు విద్యుత్సంకేతమునకు పట్టు కాలము సెకండులో ఇరువది కోట్లవ వంతు. ఆ వ్యవధిలో గాలియందు ధ్వని నడచు దూరము వెంట్రుక మందములో ఏ నలువదవ వంతో యుండును. వినువాడు ఊపిరి తీసినప్పుడు తల కదలుట ఇంతకంటె ఎన్నో రెట్లెక్కువ.

ఈ వివాదము మన దేశమున పుట్టినది కాదు. 2007లో అమెరికాలో 12 అడుగుల జత తీగలను 7,250 డాలర్లకు అమ్ముచుండిరి. ఇంద్రజాలికుడును, అద్భుతములను పరీక్షించుటలో ప్రసిద్ధుడును అయిన జేమ్స్ రాండీ, ఆ తీగకును మామూలు మంచి తీగకును గల భేదమును కన్నులతో చూడక చెవితో మాత్రమే గుర్తింపగలవారికి పదిలక్షల డాలర్లిత్తునని ప్రకటించెను. ఆ తీగ విషయమై పరీక్ష జరుగనే లేదు.

ఐనను తీగ మార్చగానే పాట బాగుపడినదని చెప్పువారందరు అసత్యమాడువారని నేననను. నాకు కూడ అట్లే తోచిన దినములు గలవు. తీగ మార్చునప్పుడు పాత మరలను విప్పి, కొనలు శుభ్రముచేసి, మరల బిగింతుము. వదులుగా నుండిన అతుకు సరియగును. పిమ్మట దీపము తగ్గించి, కూర్చుండి, ఎన్నడును వినని శ్రద్ధతో వినుదుము. శ్రద్ధకు ఫలమున్నది. ఆ ఫలమును తీగ ఖాతాలో వ్రాయుటయే పొరపాటు.

తీగవలన నిజముగా కలుగు కష్టములు వేరు. వానిలో మొదటిది రాగి పేరిట అల్యూమినియము. పైని పలుచని రాగిపూత, లోపల అల్యూమినియము గల తీగ అంగళ్లలో విరివిగా నున్నది. దాని వాహకశక్తి రాగిలో మూడింట రెండు వంతులకు కొంచెము తక్కువ. అట్టిదని చెప్పి, అందుకు తగిన వెలకు అమ్మినచో దోషము లేదు. 1 బదులు 1.5 కొలతది తీసికొనిన లెక్క సరిపోవును. కాని రాగియని చెప్పి రాగి వెల పుచ్చుకొందురు. పైగా మాటిమాటికి వంచినచో అది రాగికంటె త్వరగా కొన యొద్ద విరుగును. ఒక పోగును చాకుతో గీకి చూడుడు: లోపల తెల్లగా కనబడినచో అది రాగి కాదు. చుట్టను చేతబట్టి చూచినను తెలియును. అల్యూమినియము బరువు రాగి బరువులో మూడవ వంతునకు మించదు. చేతికి దూదివలె తేలికగా నున్న చుట్టను అక్కడనే వదలిరండు.

రెండవ కష్టము నా స్వానుభవము. మొదటిసారి నేను స్పీకర్లు కొన్నప్పుడు రెండు ప్రక్కలును ఒకే రంగు గల జంటతీగ తెచ్చి, ధనకొన యేదో ఋణకొన యేదో చూడక తగిలించితిని. ఆరు మాసములు వింటిని. గాయకుని కంఠము నడుమ నుండి రాక గదిలో ఎక్కడనో తేలుచుండెను. మృదంగమున తొప్పి మ్రోత వినబడునా వినబడదా యన్నట్లుండెను. స్పీకర్లను తిట్టితిని, గదిని తిట్టితిని. తుదకు ఒకనాడు దుమ్ము దులుపుచు తీగలను చూడగా ఒక స్పీకరునకు కొనలు తారుమారై యుండెను. అట్లున్నప్పుడు ఒక స్పీకరు గాలిని ముందునకు త్రోయుచుండగా రెండవది వెనుకకు లాగును. మంద్రధ్వనులు ఒకదానినొకటి చంపుకొనును. రెండు కొనలను మార్చి తగిలించుటకు నాకొక నిమిషము పట్టినది. తొప్పి తిరిగి వచ్చినది. కావున ఒక ప్రక్క ఎఱుపు, ఒక ప్రక్క నలుపు గల జంటతీగను గాని, ఒక అంచున గీత గలదానిని గాని కొనుడు. ఇది దమ్మిడీ ఖర్చు లేని మేలు.

తగిలించుటలో మరికొంత చెప్పవలసి యున్నది. తొడుగును ఒక సెంటిమీటరు మేర మాత్రమే ఒలిచి, పోగులను మెలివేసి, ఒక్క పోగైనను ప్రక్కదానిని తాకకుండ బిగింపవలెను. తాకినచో ఆంప్లిఫయరు కాలిపోవచ్చును. తగిలించునంతసేపు దాని ప్లగ్గును గోడనుండి తీసి యుంచుడు. నేటి చిన్న ఆంప్లిఫయర్లలో పెక్కింటికి ఋణకొన కూడ విద్యుత్తు గలదియే. రెండు స్పీకర్ల నల్లతీగలను ఒకటిగా ముడివేయరాదు. మరలకు బిగించు కొనలకు సీసపు అతుకు పెట్టకుడు. సీసము మెత్తన గనుక క్రమముగా నలిగి బిగి వదలును. విశాఖపట్టణము, కాకినాడ వంటి సముద్రతీరమున నివసించువారు ఏడాది కొకమారు కొనలను చూచుకొనుట మంచిది. ఆకుపచ్చ చిలుము పట్టి యున్నచో ఆ మేర కత్తిరించి, క్రొత్తగా ఒలిచి బిగింపవలెను. ఇందుకై ఆరంభముననే జానెడు తీగ అదనముగా నుంచుకొనుడు.

స్పీకరులో ఎడతెగని రొద వినబడినచో దానికి ఈ తీగ కారణము కాదు. అది సాధారణముగా కంప్యూటరునుండి ఆంప్లిఫయరునకు సంకేతము తెచ్చు తీగ వైపుననో, భూమితీగల కలయికవలననో పుట్టును. అందుకు స్పీకరు తీగను మార్చుట పంటినొప్పికి చెప్పులు మార్చినట్లు.

మా మేనల్లుడు కోఠీలోని గుజరాతీ గల్లీకి పోయి, ఎఱుపు నలుపు జంటతీగ, 1 చదరపు మిల్లీమీటరుది, ఐదు మీటర్లు తెచ్చెను. 0.2 మిల్లీమీటరు పోగులు 32 గలదానిని అడుగుమని చెప్పి పంపితిని. ఆ కొలత తీగకు పోగుల లెక్క అంతే. మూడువందల రూపాయలు కూడ కాలేదట. అంగడివాని యెదుటనే ఒక పోగును గీకి చూచెనట, వాడు నవ్వెనట. మిగిలిన ధనముతో తాను మొదట కోరిన స్పీకర్లనే కొనెను. ప్రక్కకు రెండేసి మీటర్లు పోగా మిగిలిన మీటరు ముక్కను మేకుకు చుట్టి పెట్టినాడు. పోయిన ఆదివారము నేను వాని గదికి వెళ్లినప్పుడు ఒక వీణకచేరీ వినిపించెను. నేను మాత్రము అలవాటు చొప్పున బల్ల వెనుకకు వంగి కొనల రంగులు సరిగా నున్నవో లేవో చూచి, పిమ్మటనే కుర్చీలో కూర్చుంటిని.