ఒక నది - తొమ్మిది దేశములు

ఒక చెఱువు క్రింద రెండు గ్రామముల ఆయకట్టు ఉన్నప్పుడు తగవు లెట్లుండునో గ్రామపెద్దలకు నేను వేఱుగ జెప్పనక్కఱలేదు. తూముదగ్గఱి రైతు కాలువకు అడ్డుకట్ట వేసికొన్నచో చివరి మడి యెండును. వానకాలమున ఎగువవాడు తన గట్టునకు గండికొట్టినచో దిగువవాని చేను మునుగును. పెద్దలు కూర్చుండి దీని నెట్లో చక్కబెట్టుదురు. వారివలన గానిచో న్యాయస్థానములు గలవు. అయితే తూము ఒక దేశమునందును, చివరి మడి వేఱొక దేశమునందును ఉన్నచో దిక్కెవరు? ఈ ప్రశ్నకు ఐరోపాఖండమున రైనునదీతీరవాసులు కనుగొన్న సమాధానమును నేడు మీకు మనవిచేసెదను.

రైను నది స్విట్జర్లాండులోని ఆల్ప్సు పర్వతములలో బుట్టి, సుమారు 1230 కిలోమీటర్లు ప్రవహించి, నెదర్లాండ్సులో ఉత్తరసముద్రమును జేరును. ఆ నదికి నీరు చేర్చు భూభాగము 9 దేశములలో వ్యాపించియున్నది. దాని యొడ్డున గొప్ప కర్మాగారములు వెలసినవి. అవి విడిచిన మురికియు, ఫ్రాన్సులోని అల్సాసు గనుల ఉప్పును కొట్టుకొనిపోయి కడపటి దేశమైన నెదర్లాండ్సువారి త్రాగునీటిలో గలియుచుండెను. తుదకు 1950లో స్విట్జర్లాండు, ఫ్రాన్సు, జర్మనీ, లక్సెంబర్గు, నెదర్లాండ్సు దేశములు కలిసి రైను సంరక్షణమునకై ఒక సంఘము నేర్పఱచుకొనినవి. వీనిలో కొన్ని అయిదేండ్ల క్రిందటనే ఒండొంటితో యుద్ధము చేసిన దేశములని మఱవరాదు.

ఈ సంఘమునకు శిక్షించు నధికారము లేదు. అందఱు నొప్పుకొన్నదే తీర్మానము. దానిని ఎవరి దేశమున వారే నెఱవేర్చుకొనవలయును. ఇట్టి సంఘమువలన నేమి ప్రయోజనమని మీరడుగవచ్చును. మొదట అది చేసిన పని, నదిపొడుగునను నీటిని ఒకే విధముగ పరీక్షించి లెక్క వ్రాయుట. లెక్క యొక్కటి యైనప్పుడు నెపము ఇతరులపై ద్రోయుట కష్టము. అయినను చాలకాలము మాటలు హెచ్చుగను, పని తక్కువగను నుండెను.

1986 నవంబరు 1వ తేదీన స్విట్జర్లాండులోని బాజెలు పట్టణమునొద్ద ఒక రసాయనముల గిడ్డంగి యంటుకొనెను. మంట లార్పిన నీటితో పురుగుమందులు నదిలో బడెను. నీరు ఎఱ్ఱబాఱెను; వందలకొలది కిలోమీటర్లు చేపలు చచ్చి తేలెను. అంతట జనులు మేల్కొనిరి. మఱుసటి సంవత్సరమే మంత్రులు కూడి, 2000 సంవత్సరమునాటికి సాల్మను చేప తిరిగి రావలయునని సంకల్పించిరి. ఈ చేప సముద్రమునుండి నది కెదురీది వచ్చి గ్రుడ్లు పెట్టును. కావున అది రావలెనన్నచో దారిలోని దేశము లన్నిటియందును నీరు బాగుండవలయును. 1990లో ఉపనదియైన జీగులో సాల్మను మరల కనబడెను. పూర్వపు సమృద్ధి యింకను రాలేదుగాని, నీరు మాత్రము చాలవఱకు బాగుపడినది.

నీరు శుభ్రమైనంతమాత్రమున పని ముగియలేదు. 1817 మొదలుకొని ఇంజనీర్లు పై రైను వంపులను కోసి నదిని సుమారు 81 కిలోమీటర్లు పొట్టిజేసిరి. పిమ్మట ఆనకట్టలు గట్టిరి. సేద్యమునకు భూమి దొరకినది, ఓడలకు దారి యేర్పడినది. కాని వరద విశ్రమించుటకు చోటు లేకపోయెను. అది మునుపటికంటె ఎంతో వేగముగ దిగువకు బరువిడసాగెను. 1995 జనవరిలో వరద వచ్చినప్పుడు నెదర్లాండ్సులో సుమారు 2,50,000 మంది ఇండ్లు విడిచిపోవలసివచ్చెను.

ఇక గట్టులను పెంచుకొనిపోయిన లాభములేదని, నదికి దాని చోటు దానికి విడువవలయునని 1998లో రైను దేశములు నిశ్చయించినవి. ఫ్రాన్సు జర్మనీలు 1982లోనే యిట్టి యొప్పందము చేసికొనియుండెను. ఫ్రాన్సులో ఎర్‌స్టైనువద్ద వరదనీటిని నిలుపు క్షేత్ర మేర్పడినది. నెదర్లాండ్సులో నైమేగన్ పట్టణమున కెదుట గట్టును 350 మీటర్లు వెనుకకు జరిపిరి. అచ్చటి కుటుంబములు కొన్ని ఇండ్లు వదలుకొనవలసివచ్చెను.

అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. తన భాష మాటాడని, తాను చూడని పరదేశీయుడు మునుగకుండుటకై ఎగువరైతు తన నేలను వరద కొప్పగింపవలయును. లాభ మొకనిది, నష్ట మొకనిది. ధర్మోపదేశముచే మాత్రమే యెవ్వరును భూమి నీయరు. ముందుగా అడిగి, లెక్క చూపి, నష్టపరిహారము చెల్లించినప్పుడే అది న్యాయ మనిపించుకొనును.

మన కృష్ణా గోదావరులును పలు రాష్ట్రములమీదుగ వచ్చుచున్నవి. న్యాయమండలులు వాని నీటిని పంచి తీర్పు లిచ్చినవి. కాని వాటా పంచుకొనుట వేఱు, నదిని కాపాడుకొనుట వేఱు. వాటా తీర్పుతో ముగియును. కాపాడుట ఏటేట జరుగవలసిన పని. మీ చెఱువుక్రింద తగవు తీర్చునపుడు, చివరి మడివానిని ముందుగ బిలిచి యాతని మాట వినుడు. రైను దేశములు పెద్ద యెత్తున నేర్చుకొన్న నీతి యిదియే.