గడువు దగ్గరపడ్డ పనికే ముందు వంతు
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరులో ఎన్నో పనులు ఒకేసారి జరుగుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఒక ప్రాసెసరు ఒక క్షణంలో ఒక్క పనే చూస్తుంది. ఏది ముందో నిర్ణయించే పెత్తనం ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి కెర్నెల్‌ది. మన సెక్షన్ సూపరింటెండెంటు గారి లాంటిదనుకోండి.

పాత పద్ధతి హోదాను బట్టి నడిచేది. అర్జెంటు చీటీ కట్టిన ఫైలు రాగానే చేతిలోది పక్కన పెట్టడం మనకూ అలవాటే కదా! అందులో చిక్కు చూడండి. ఫ్యాక్టరీలో ఒక రోబో ఉంది. దాని చేతిని కదిపే పనికి ప్రతి 50 మిల్లీసెకన్లకు 20 కావాలి. కెమెరా బొమ్మను పరిశీలించే పనికి ప్రతి 70కి 38 కావాలి. మళ్ళీ వంతు వచ్చేలోగా ముగించాలన్నదే గడువు. చేతి పనికి పెద్ద హోదా ఇచ్చామనుకోండి. మొదటి 20 అది తీసుకుంటుంది, తరువాత కెమెరా 30 చేస్తుంది. 50 దగ్గర చేతి పని మళ్ళీ వచ్చి 70 దాకా కూర్చుంటుంది. కెమెరాకు ఇంకా 8 బాకీ, గడువు దాటింది. ఎదురుగా మనిషి నిలబడ్డాడన్న సంగతి చేతికి ఆలస్యంగా తెలుస్తుంది.

అదే గడువును బట్టి చూస్తే, 50 దగ్గర కెమెరా గడువు 70, చేతి గడువు 100. కెమెరాను ఆపనక్కరలేదు. అది 58కి, చేతి పని 78కి ముగుస్తాయి. ఒకే ప్రాసెసరు మీద, ఒకదానిపై ఒకటి ఆధారపడని ఇలాంటి పనుల మొత్తం నూటికి నూరు దాటనంతవరకు ఏ గడువూ తప్పదని లియు, లేలాండ్ 1973లోనే నిరూపించారు.

లినక్స్ కెర్నెల్‌లో ఈ ఏర్పాటు 2014 మార్చిలో, 3.14 వెర్షనుతో వచ్చింది. ఎంత సమయం కావాలి, ఎంతలోగా ముగియాలి, ఎంతకొకసారి అన్న మూడూ పని ముందే చెప్పుకోవాలి. కెర్నెల్ కూడికలు వేసి, మామూలుగా నూటికి 95 దాటితే కొత్త పనిని గుమ్మంలోనే కాదంటుంది. నాకు బాగా నచ్చింది ఇదే. కాగితం పుచ్చుకుని, రశీదిచ్చి, బీరువాలో పడేయడం ఇక్కడ లేదు.

చెప్పినదానికంటే ఎక్కువ సమయం లాగబోతే? తరువాతి వంతు వరకు నిలిపేస్తుంది, పక్కవారి సమయం తిననివ్వదు. అబేని, బుతాజో 1998లో ప్రతిపాదించిన ఉపాయమిది.

ప్రాసెసర్లు ఎక్కువైతే మాత్రం హామీ కొంత సడలుతుంది. ఆలస్యం రావచ్చు, దానికీ ఒక హద్దుంటుంది. ఇక మనం ఉత్తరం టైపు చేసుకోవడం వంటి పనులు ఈ వరుసలో నిలబడవు. మిగిలిన సమయంలోనే హాయిగా సాగిపోతాయి.