నీళ్లు చూసి చేపను వదలండి



మన కొల్లేటి పల్లెల్లో చేప పేరు తెలియని పిల్లవాడు ఉండడు. అందుకే ఈరోజు నీటి గురించి ఎక్కువగా చెప్తాను. నీటిని ఎలా పరీక్షించాలి? ఆ నీటికి తగిన చేపను ఎలా ఎంచుకోవాలి? ఇదీ మన విషయం.

ఒక మాట ముందే చెప్పాలి. 1999లో కొల్లేరు ఐదో కాంటూరు లోపలి భాగాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. అక్కడ చేపల చెరువులు ఉండకూడదు. 2006లో అలాంటి చెరువుల గట్లు తెగ్గొట్టారు. నేను చెప్పేది దాని బయట ఉన్న చెరువుల గురించి.

మన నీరు ఎటు పోతుంది?

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు కొల్లేటిలో కలుస్తాయి. కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. ఎండాకాలంలో కొల్లేరు తగ్గిపోతుంది. అప్పుడు సముద్రపు పోటుకు ఉప్పునీరు ఉప్పుటేరులో పైకి ఎక్కుతుంది. కాబట్టి ఏలూరు పక్క చెరువు నీరు, ఉప్పుటేరు పక్క చెరువు నీరు ఒకటి కావు. ఒకే చెరువులో శ్రావణంలో ఉన్న నీరు వైశాఖంలో ఉండదు.

ఏ నీటికి ఏ చేప?

మంచినీటికి బొచ్చె, శీలావతి, ఎర్రమోసు తగినవి. బొచ్చె పైన మేస్తుంది. శీలావతి నడుమ మేస్తుంది. ఎర్రమోసు అడుగున మేస్తుంది. ఒకదాని కూడు ఇంకొకటి లాక్కోదు. మన వైపు శీలావతిని ఎక్కువగా, బొచ్చెను కొద్దిగా వేస్తారు.

ఈ చేపలు కాస్త ఉప్పును ఓర్చుకుంటాయి. ఎక్కువైతే మేత మానేస్తాయి, ఎదగవు. ఉప్పు కలిసే నీటికి పండుగప్ప, పాలబొంత నయం. అయితే పండుగప్ప చిన్న చేపలను మింగేస్తుంది. వాటితో కలిపి వేయకండి.

నాలుకకు ఉప్పు తెలుస్తుంది. ఎంత ఉప్పో తెలియదు. అది మీటరు చెప్పాలి. సముద్రపు నీటిలో వెయ్యి పాళ్లకు సుమారు 35 పాళ్ల ఉప్పు ఉంటుంది. మీ చెరువులో 5 పాళ్లు దాటితే శీలావతికి కష్టమే.

పరీక్షలు నాలుగు

మొదటిది మన చెయ్యి. ఎండ ఉన్నప్పుడు మోచెయ్యి దాకా నీటిలో ముంచండి. అరచెయ్యి కనపడీ కనపడనట్టు ఉంటే మంచిది. మణికట్టు మునిగేసరికే అరచెయ్యి మాయమైతే పచ్చదనం ముదిరినట్టు.

రెండోది పి.హెచ్. ఇది 7 నుంచి 8.5 మధ్య ఉండాలి. ఉదయం తగ్గుతుంది, సాయంత్రం పెరుగుతుంది. అందుకని రోజూ ఒకే వేళకు చూడండి.

మూడోది ప్రాణవాయువు. నీటిలోని పచ్చదనం పగలు దాన్ని ఇస్తుంది, రాత్రి వాడుకుంటుంది. కాబట్టి తెల్లవారుజామున బాగా తగ్గిపోతుంది. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములు ఉంటే మేలు. 3 కంటే తగ్గితే ప్రమాదం. ముసురు రోజుల్లో మరీ జాగ్రత్త. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయా? ఆ పూట తవుడు సంచులు కట్టవద్దు. ఏరేటరు తిప్పండి, లేదా మంచి నీరు తోడండి. ఆలస్యమైతే ఏడాది కష్టం ఒక్క రాత్రిలో తెల్లగా తేలిపోతుంది. ఈ పరీక్ష గట్టు మీదే చేయాలి. సీసాలో పట్టి ఊరు దాటిస్తే లెక్క మారిపోతుంది.

నాలుగోది అమ్మోనియా. మిగిలిపోయిన మేత, చేపల పెంట కుళ్లి ఇది పుడుతుంది. పి.హెచ్. పెరిగితే దీని విషమూ పెరుగుతుంది. సున్నం పి.హెచ్.ను పెంచుతుంది. కాబట్టి పరీక్షించకుండా సున్నం చల్లకండి. కైకలూరు, ఆకివీడు, భీమవరంలో నీటి పరీక్ష ల్యాబులు ఉన్నాయి.

పిల్లను వదిలేటప్పుడు సంచిని పావుగంట చెరువులో తేలనివ్వండి. ఆ తర్వాత చెరువు నీటిని కొద్దికొద్దిగా సంచిలోకి కలపండి. అప్పుడు వదలండి.

ఒక నోటుబుక్కు పెట్టండి

మీరు ఇప్పుడు చదవగలరు, రాయగలరు. ఒక నోటుబుక్కులో గీతలు గీయండి. తేదీ, వేళ, ఉప్పు, పి.హెచ్., ప్రాణవాయువు, అమ్మోనియా రాయండి. నిన్నటి అంకె ఉంటేనే ఇవాళ్టి అంకెకు అర్థం తెలుస్తుంది.

రేపు ఎవరో మందు డబ్బా తెచ్చి చెరువులో పొయ్యమంటారు. అప్పుడు నోటుబుక్కు తెరిచి అడగండి: "ఇందులో ఏ అంకె చూసి ఈ మందు చెబుతున్నావయ్యా?" జవాబు చెప్పగలిగితేనే డబ్బు తియ్యండి.

కౌలు మీది, అప్పు మీది, కష్టం మీది. లెక్క కూడా మీ చేతిలోనే ఉండాలి.